చందమామకు ఒక లెక్క, చుక్కలకు ఇంకో లెక్క: రాత్రి ఆకాశాన్ని ఫొటో తీసే పద్ధతి

రాత్రి కదా అని కెమెరాను ఆటోలో పెట్టి చంద్రుడి మీదికి తిప్పితే తెల్లటి గుండ్రటి మచ్చ వస్తుంది. అదే కెమెరాను పక్కకు తిప్పి చుక్కల్ని తీస్తే ఫ్రేమంతా నలుపు. రెండింటినీ ‘రాత్రి ఫొటో’ అని ఒకే గాటన కట్టడం వల్ల వచ్చే తిప్పలివి. చంద్రుడంటే ఎండలో ఉన్న రాయి. మన చుట్టూ చీకటి ఉన్నా, వెలుగుతున్న ఆ ముఖం మీద పట్టపగలే. కాబట్టి పగటి ఎక్స్‌పోజర్ కావాలి. చుక్కలకు మాత్రం దొరికిన ప్రతి వెలుగు చుక్కనూ పోగుచేసుకోవాలి. లెన్స్, షట్టర్, వెళ్లే రోజు, చివరికి ఎడిటింగ్ కూడా ఈ రెండు పనులకూ వేరు. అందుకే విడివిడిగా చూద్దాం.

చంద్రుడు: ముందు రోజు ఎంచుకోండి

అందరూ పున్నమికే బయల్దేరతారు. బిలాల వివరాలు కావాలంటే అంతకంటే పనికిరాని రోజు లేదు. ఆ రోజు సూర్యుడు మన వీపు వెనక నుంచి తిన్నగా చంద్రుడి మీద పడతాడు. నీడలుండవు, నీడ లేకపోతే గుంట గుంటలా కనబడదు. టైకో బిలం నుంచి నలుదిక్కులకూ పరుచుకున్న తెల్లటి చారలు మాత్రం పున్నమికే బాగా వస్తాయి.

వెలుగు, చీకటి కలిసే గీత దగ్గర సూర్యుడు అప్పుడే ఉదయిస్తుంటాడు కాబట్టి అక్కడ ప్రతి గుట్టకూ పొడవాటి నీడ ఉంటుంది. శుక్లపక్ష అష్టమి చుట్టూ ఆ గీత చంద్రుడి నడుమ మీదుగా వెళ్తుంది. టాలెమేయస్, అల్ఫాన్సస్, అర్జాకెల్ బిలాలు ఒకదాని కింద ఒకటి వరసగా, వాటికి ఉత్తరాన ఎపెనైన్ పర్వతాలు కనిపిస్తాయి. ఇంకో రెండు రోజులాగితే 93 కిలోమీటర్ల కోపర్నికస్ బిలం మెట్లు మెట్లుగా దిగిన గోడలతో బయటపడుతుంది. పైగా అష్టమి చంద్రుడు సూర్యాస్తమయం వేళకే బాగా పైన ఉంటాడు. నిద్ర చెడగొట్టుకోకుండా తీసేయొచ్చు.

లెన్స్ ఎంత ఉండాలి

చంద్రుడు ఆకాశంలో ఆక్రమించేది అర డిగ్రీయే. సెన్సర్ మీద ఎంత పడతాడో తెలియాలంటే ఫోకల్ లెంగ్త్‌ను 110తో భాగించండి. 200 మి.మీ. లెన్స్‌తో 1.8 మి.మీ., 600 మి.మీ. లెన్స్‌తో దాదాపు 5.5 మి.మీ. వస్తాడు. 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ (36 మి.మీ. వెడల్పు సెన్సరున్న) కెమెరాలో పిక్సెల్ సుమారు 6 మైక్రాన్లు కాబట్టి, మొదటిదానిలో చంద్రుడి వెడల్పు 300 పిక్సెళ్లు, రెండోదానిలో 900. అదే 24 మెగాపిక్సెళ్లున్న క్రాప్ సెన్సర్‌లో, అంటే అంతకంటే చిన్న సెన్సర్‌లో, పిక్సెళ్లు చిన్నవి. అందుకే 300 మి.మీ. లెన్స్‌తోనే 700 పిక్సెళ్లు దొరుకుతాయి. ఈ పనికి క్రాప్ సెన్సర్ కెమెరా ఏమీ తీసిపోదు. డిజిటల్ జూమ్ జోలికి మాత్రం వెళ్లొద్దు. అది చేసేది కోతే, ఆ కోత ఇంటికొచ్చాక మీరే మెరుగ్గా చేసుకోవచ్చు.

తీసే పద్ధతి

1. చంద్రుడు దిక్చక్రానికి కనీసం 30 డిగ్రీలు పైకి వచ్చేదాకా ఆగండి. కిందుంటే మందపాటి గాలి పొర గుండా చూస్తున్నట్టే లెక్క. మూసిన కిటికీ అద్దం వెనక నుంచి గానీ, పగలంతా కాగిన డాబా, తారు రోడ్డు మీదుగా గానీ తీయకండి. పైకి లేచే వేడి గాలి చంద్రుణ్ని నీళ్లలో ఉన్నట్టు ఆడిస్తుంది.

2. కెమెరాను, లెన్స్‌ను అరగంట ముందే బయట పెట్టండి. లెన్స్ లోపలి గాలి బయటి చలికి సర్దుకునేదాకా ఫోకస్ నిలవదు.

3. ట్రైపాడ్ మధ్య కడ్డీని పైకి లేపకండి. ఎత్తు చాలకపోతే కాళ్లలో లావు భాగాల్నే ముందు సాగదీయండి. లెన్స్‌కు కాలర్ (చుట్టూ ఉండే పట్టీ) ఉంటే ట్రైపాడ్‌కు బిగించాల్సింది దాన్ని, కెమెరాను కాదు.

4. లెన్స్ ముందున్న యూవీ ఫిల్టర్ తీసేయండి. చంద్రుడి పక్కన ఆకుపచ్చ రంగులో ఇంకో బుల్లి చంద్రుడు వచ్చిందంటే అది ఆ అద్దం పనే. ఇమేజ్ స్టెబిలైజేషన్ కూడా ఆపేయండి. ట్రైపాడ్ మీద లేని కదలికను సరిదిద్దబోయి కొన్ని లెన్సులు తామే కదులుతాయి.

5. మాన్యువల్ మోడ్, రా ఫైల్ (కెమెరా దిద్దని ముడి ఫైల్), వైట్ బ్యాలెన్స్ డేలైట్. అపర్చర్ (లెన్స్ తెరుచుకునే వెడల్పు) ఎఫ్/8, షట్టర్ 1/200 సెకను దగ్గర పెట్టి వదిలేయండి. ఇక మార్చాల్సింది ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) ఒక్కటే: పున్నమికి 100, ఏకాదశి నుంచి త్రయోదశి దాకా 200, అష్టమికి 400, తదియ, చవితి నెలవంకకు 800. ఎఫ్/11, ఐఎస్‌ఓ 100, 1/100 సెకను అనే పాత సూత్రాన్నే వాడుకకు వీలుగా మలిస్తే వచ్చిన లెక్క ఇది. పల్చటి మబ్బు ఉన్నా, చంద్రుడు కిందికున్నా ఐఎస్‌ఓను ఒకటి రెండు స్టాపులు (ఒక స్టాప్ అంటే రెట్టింపు) పెంచండి. అష్టమి చంద్రుడు పున్నమి చంద్రుడిలో సగం ఉంటాడు కాబట్టి వెలుగు కూడా సగమే తగ్గుతుందనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. వాలుగా పడే ఎండ వల్ల, నీడల వల్ల ఉన్న సగం కూడా మసకబారుతుంది. అందుకే ఐఎస్‌ఓ నాలుగింతలు.

6. ఆటో ఫోకస్ ఆపి, లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) చంద్రుణ్ని 10 రెట్లు పెద్దది చేసి చూడండి. గుండ్రటి బయటి అంచు మీద ఫోకస్ చేస్తే కన్ను మోసపోతుంది. వెలుగునీడల గీత పక్కన ఒక చిన్న బిలాన్ని ఎంచుకోండి. ఫోకస్ రింగును వెంట్రుకవాసి చొప్పున తిప్పుతుంటే ఆ బిలం అంచు గీతలా సన్నబడి, మళ్లీ లావెక్కుతుంది. ఆ సన్నబడిన చోటికి వెనక్కి రండి. గాలి ఆడుతుంటే ఒక్క క్షణం స్పష్టంగా కనబడి మళ్లీ చెదురుతుంది. ఆ క్షణాల్ని బట్టే తేల్చుకోవాలి.

7. షట్టర్‌ను వేలితో నొక్కొద్దు. సెల్ఫ్ టైమర్ పెట్టండి. 400 మి.మీ. దాటిన లెన్స్‌కు 2 సెకన్లు చాలవు, 10 సెకన్లు పెట్టాలి. ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ షట్టర్ గానీ, అద్దమున్న కెమెరాలో మిర్రర్ లాకప్ గానీ ఉంటే వాడండి.

8. తీశాక హైలైట్ హెచ్చరిక చూడండి. చంద్రుడి మీద ఎక్కడైనా మిణుకుమంటుంటే షట్టర్ వేగం పెంచండి. వెలుగు ఎక్కువై కాలిపోయిన తెలుపులో వివరం మళ్లీ తిరిగి రాదు.

ఫొటో మెత్తగా వచ్చిందా? కారణం పట్టుకోవడానికి వెంటవెంటనే పది ఫ్రేములు తీసి పోల్చండి. కొన్ని స్పష్టంగా, కొన్ని చెదిరి ఉంటే తప్పు గాలిది. అంచులు ఒకే దిక్కున జంటగా కనబడితే ట్రైపాడ్ కదిలింది. పదీ ఒకే రకంగా మసకగా ఉంటే ఫోకస్ తప్పింది. ఎఫ్/16కు, అంతకు మించి మూసినా మెత్తదనం వస్తుంది, అది కాంతి వంగడం వల్ల. షట్టర్ మరీ నెమ్మదైతే చంద్రుడే కదిలిపోతాడు. సుమారు రెండు నిమిషాల్లో తన వెడల్పంత దూరం జరుగుతాడు కాబట్టి, 600 మి.మీ. లెన్స్‌తో అర సెకను కూడా ఎక్కువే.

గాలిని గెలవాలంటే ఎక్కువ ఫ్రేములు తీయడమే మార్గం. 50 నుంచి 100 తీసి, ఫ్రేముల్ని కలిపే ఆటోస్టాకర్ట్ సాఫ్ట్‌వేర్‌లో వేసి, మెరుగైన 20–30 శాతాన్ని మాత్రమే కలపమనండి. వచ్చిన చిత్రం మొదట ఇంకా మెత్తగా కనిపిస్తుంది, కంగారు పడకండి. రెజిస్టాక్స్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో వివరాన్ని పదునుపెట్టే వేవ్‌లెట్ మీటలు జరుపుతుంటే వివరం పైకి లేస్తుంది. చంద్రుడి అంచు చుట్టూ తెల్లటి గీత మొదలైందంటే ఎక్కువైందని గుర్తు. అక్కడి నుంచి వెనక్కి రండి.

చెట్టు వెనక పెద్ద చంద్రుడు

ఉదయించేటప్పుడు చంద్రుడు పెద్దగా కనబడటం మన కంటి భ్రమ, కెమెరాకు ఆ భ్రమ లేదు. భూమికి దగ్గరగా వచ్చిన పున్నమికీ, బాగా దూరమైన పున్నమికీ తేడా కూడా వెడల్పులో 14 శాతమే. ఫొటోలో చంద్రుణ్ని పెద్దది చేసేది దూరం. వస్తువు ఎత్తును 110తో గుణిస్తే, అది చంద్రుడంత ఎత్తుగా కనబడే దూరం వస్తుంది. 20 మీటర్ల చెట్టయితే 2,200 మీటర్ల అవతల నిలబడి, పొడవాటి లెన్స్‌తో తీయాలి. అంత దూరంలో మీరు పక్కకు 20 మీటర్లు జరిగితే, చెట్టుతో పోల్చినప్పుడు చంద్రుడు తన వెడల్పంత జరుగుతాడు. కాబట్టి స్టెల్లేరియం లాంటి యాప్‌లో ఉదయించే దిక్కును ముందే చూసుకుని, పక్కకు నడవడానికి చోటున్న ప్రదేశం ఎంచుకోండి.

దీనికి పున్నమి కంటే ముందురోజు చతుర్దశి నయం. చంద్రోదయం రోజుకు సుమారు 50 నిమిషాలు వెనకబడుతుంది కాబట్టి, ఆ సాయంత్రం సూర్యుడు ఇంకా ఉండగానే చంద్రుడు వచ్చేస్తాడు. చెట్టు మీద వెలుగుంటుంది, చంద్రుడూ కాలిపోడు. పూర్తిగా చీకటి పడ్డాక ఒకే ఎక్స్‌పోజర్‌లో రెండూ రావడం అసాధ్యం.

విదియ, తదియ నెలవంకలో మిగతా గుండ్రం కూడా లేతగా కనబడుతుంది గదా, అది భూమి మీద పడి అక్కడికి వెళ్లిన వెలుగు. ఎఫ్/5.6, ఐఎస్‌ఓ 800, 1 సెకనుతో మొదలుపెట్టండి. నెలవంక కాలిపోతుంది, కాలనివ్వండి. సంపూర్ణ గ్రహణానికీ దాదాపు ఇలాగే. ఎర్రబడిన చంద్రుడి వెలుగు పున్నమితో పోలిస్తే పదివేల రెట్ల కంటే ఎక్కువే పడిపోతుంది. ఏ గ్రహణం ఎంత చీకటిగా ఉంటుందో ముందే చెప్పలేం కాబట్టి, ఐఎస్‌ఓ 1600 దగ్గర పావు సెకను నుంచి 2 సెకన్ల దాకా వరసగా తీసిపెట్టుకోండి.

ఇక చుక్కలు

ఇక్కడ చంద్రుడే అడ్డు. పాలపుంత కావాలంటే అమావాస్యకు అటూ ఇటూ నాలుగు రోజులు, లేదా చంద్రుడు అస్తమించాక. సూర్యుడు దిక్చక్రానికి 18 డిగ్రీలు కిందికి దిగితే గానీ ఆకాశం పూర్తిగా చీకటి కాదు, ఆ సమయాన్నీ యాప్ చెబుతుంది. చీకటిని కొలవడానికి 2001లో జాన్ బోర్టల్ ప్రతిపాదించిన 1 నుంచి 9 అంకెల కొలమానం ఉంది. అంకె పెరిగే కొద్దీ ఊరి వెలుగు పెరిగినట్టు. 4, అంతకు తక్కువ ఉన్నచోట పాలపుంత నిర్మాణం ఫొటోలో బాగా వస్తుంది. 7, 8 ఉన్నచోట పాలపుంత కోసం తంటాలు పడేకంటే చుక్కల గీతలు తీసుకోవడం మేలు.

పాలపుంత కేంద్రం ధనుస్సు రాశిలో, తేలు కొండికి పక్కనే ఉంది. ఎర్రటి జ్యేష్ఠ నక్షత్రం దొరికితే, వృశ్చికం తోక వెంట కిందికి వస్తే చాలు. డిసెంబరు మూడో వారంలో సూర్యుడే ఆ దిక్కున ఉంటాడు కాబట్టి అప్పుడు కనబడదు. ఫిబ్రవరి, మార్చిలో తెల్లవారుజామున, జూన్, జులైలో అర్ధరాత్రి, సెప్టెంబరు, అక్టోబరులో చీకటి పడగానే చూడాలి.

లెన్స్ 14 నుంచి 24 మి.మీ., ఎఫ్/2.8 అయితే హాయి. కెమెరాతో వచ్చే 18–55 మి.మీ. లెన్స్‌ను 18 దగ్గర, ఎఫ్/3.5తో వాడినా ఫొటో వస్తుంది. అపర్చర్ పూర్తిగా తెరిస్తే కొన్ని లెన్సుల్లో మూలల చుక్కలు రెక్కలు విప్పిన పిట్టల్లా వస్తాయి. ఒక్క స్టాప్ మూస్తే చాలావరకు సర్దుకుంటాయి.

ఎన్ని సెకన్లు?

భూమి తిరగడం వల్ల చుక్కలు గంటకు 15 డిగ్రీలు జరుగుతాయి. ఎక్స్‌పోజర్ ఎక్కువైతే చుక్క బియ్యపు గింజ అవుతుంది. 500ను ఫోకల్ లెంగ్త్‌తో భాగించమనే పాత సూత్రం ఫిల్మ్ రోజులకు సరిపోయింది గానీ ఇప్పటి సెన్సర్లకు వదులు. మేలైన లెక్క ఇది: అపర్చర్ అంకెను 35తో, పిక్సెల్ సైజు మైక్రాన్లను 30తో గుణించి, రెండూ కలిపి, ఫోకల్ లెంగ్త్‌తో భాగించండి. పిక్సెల్ సైజు తెలియకపోతే సెన్సర్ వెడల్పును అడ్డంగా ఉన్న పిక్సెళ్లతో భాగించండి: 36 మి.మీ.ను 6,000తో భాగిస్తే 6 మైక్రాన్లు. 14 మి.మీ., ఎఫ్/2.8 లెన్స్‌కు పాత సూత్రం 35 సెకన్లు ఇస్తుంది, ఈ లెక్క 20 దగ్గర ఆగుతుంది. 24 మెగాపిక్సెల్ క్రాప్ సెన్సర్ మీద 18 మి.మీ., ఎఫ్/3.5 అయితే 13 సెకన్లు. ధ్రువ నక్షత్రం వైపు తీస్తుంటే చుక్కల కదలిక తక్కువ, కాస్త ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

ఐఎస్‌ఓ 3200తో మొదలెట్టి, అవసరమైతే 6400కు వెళ్లండి. నాయిస్‌కు (ఫొటోలో కనబడే గరుకుదనానికి) భయపడి 400 దగ్గర పెట్టుకునేవాళ్లున్నారు. నాయిస్ ఎక్కువగా వచ్చేది తక్కువ వెలుగు వల్ల. ఐఎస్‌ఓ తగ్గించినంత మాత్రాన సెన్సర్ మీద పడే వెలుగు పెరగదు. వైట్ బ్యాలెన్స్ 4000 కెల్విన్ దగ్గర పెట్టి రా ఫైల్ తీయండి, తర్వాత మార్చుకోవచ్చు.

ఫోకస్: సగం ఫొటోలు పోయేది ఇక్కడే

లెన్స్ మీదున్న అనంతం గుర్తును నమ్మొద్దు. చాలా లెన్సుల్లో రింగు ఆ గుర్తు దాటి కూడా తిరుగుతుంది, చలికి ఫోకస్ ఇంకాస్త జరుగుతుంది. మాన్యువల్ ఫోకస్‌లో పెట్టి, లెన్స్‌ను లుబ్ధకుడు, అభిజిత్ లాంటి ప్రకాశవంతమైన నక్షత్రం వైపు తిప్పి, లైవ్ వ్యూలో పెద్దది చేయండి. ఏమీ కనబడకపోతే ఫోకస్ బాగా దూరంలో ఉందన్నమాట. రింగును నెమ్మదిగా తిప్పుతుంటే తెరమీద లేత బూడిద రంగు బిళ్ల ఒకటి తేలుతుంది. అది కుంచించుకుపోతూ, ప్రకాశం పెరుగుతూ, చుక్క అవుతుంది. ఇంకొంచెం తిప్పితే మళ్లీ ఉబ్బుతుంది. కొన్ని లెన్సుల్లో ఒక పక్క ఊదా రంగు అంచు, మరో పక్క ఆకుపచ్చ అంచు వస్తాయి, రెండింటికీ మధ్యన ఉన్నదే మన స్థానం. చుక్క చిన్నబడటమే కాదు, అంతదాకా కనబడని సన్న చుక్కలు పక్కన పొటమరించడం కూడా మంచి గురుతు. అక్కడ రింగుకు టేపు అంటించండి. గంటకోసారి, చలి పెరిగినప్పుడు మళ్లీ చూసుకోండి. పొడవాటి లెన్సులకు బాహ్తినోవ్ మాస్క్ అనే గాట్ల పలక దొరుకుతుంది. దాన్ని ముందు పెడితే నక్షత్రానికి మూడు కిరణాలొస్తాయి, మధ్య కిరణం మిగతా రెండింటికీ సరిగ్గా నడుమన పడితే ఫోకస్ కుదిరినట్టు.

కెమెరా తెర ప్రకాశం బాగా తగ్గించండి. చీకటికి అలవాటైన కంటికి ఎంత మసక ఫొటో అయినా ధగధగా కనబడి, ఇంటికొచ్చాక నల్లగా తేలుతుంది. ఫొటోలో వెలుగెంతుందో చూపే గ్రాఫ్, హిస్టోగ్రామ్‌ను నమ్మండి: గుట్ట ఎడమ గోడకు ఆనుకోకుండా, పావు వంతు లోపలికి ఉండాలి. కంటికి ఆ అలవాటు రావడానికి 20–30 నిమిషాలు పడుతుంది, ఒక్క తెల్ల టార్చి చాలు దాన్ని చెడగొట్టడానికి. ఎర్ర లైటు వాడండి.

ఒక్క ఫ్రేముతో ఆగొద్దు

ఒకే సెట్టింగులతో 16 ఫ్రేములు వరసగా తీయండి. ఫ్రేముల సంఖ్యకు వర్గమూలమెంతో నాయిస్ అన్ని వంతులు తగ్గుతుంది, అంటే 16 కలిపితే నాలుగో వంతు. చివర్లో లెన్స్ మూత పెట్టి, అదే ఐఎస్‌ఓ, అదే సమయంతో ఇంకో పది. వేడి పిక్సెళ్లను (వెలుగు పడకపోయినా వెలిగే పిక్సెళ్లను) తీసేయడానికి ఇవి పనికొస్తాయి. ఇంటికొచ్చాక తీస్తే కుదరదు, ఉష్ణోగ్రత మారిపోతుంది. సీక్వేటర్ సాఫ్ట్‌వేర్‌లో గానీ సిరిల్‌లో గానీ కలిపితే, మధ్యలో దూరిన విమానాలు, ఉపగ్రహాల గీతలు కూడా పోతాయి. నేల భాగం కోసం ట్రైపాడ్ కదపకుండా ఐఎస్‌ఓ 800, 3 నిమిషాల ఫ్రేము ఒకటి విడిగా తీసి, తర్వాత అతికించండి.

గుండ్రటి చుక్కల గీతలకు 30 సెకన్ల ఫ్రేములు 120 తీయండి. గంటలో ప్రతి చుక్కా 15 డిగ్రీల చాపం గీస్తుంది. కంటిన్యువస్ డ్రైవ్‌లో పెట్టి, రిమోట్ బటన్‌ను లాక్ చేయడం అన్నిటికంటే తేలిక. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉందేమో చూసుకోండి. అది ప్రతి ఫ్రేము తర్వాత ఇంకో 30 సెకన్లు తనకోసం వాడుకుంటుంది, గీతలు కుట్టు వేసినట్టు తెగిపోతాయి. కలపడానికి స్టార్‌స్టాక్స్ చాలు.

ఫోన్‌తో అయితే ప్రో మోడ్, ఐఎస్‌ఓ 1600, 15 సెకన్లు, ఫోకస్ అనంతం దాకా, మూడు సెకన్ల టైమర్, ఏదో ఒక స్టాండు. పాలపుంత లేతగా వస్తుంది. చంద్రుడికి మాత్రం ఫోన్ జూమ్ కంటే బైనాక్యులర్ కంటి గాజుకు ఫోన్ ఆనించి తీసిందే నయం.

ట్రాకర్ (చుక్కల కదలికతో పాటు కెమెరాను తిప్పే పరికరం) కొనే ఆలోచన ఉంటే ఒక్క మాట: అది ఎంత ఖరీదైనదన్నదాని కంటే దాన్ని ధ్రువం వైపు ఎంత సరిగ్గా గురిపెట్టారన్నదే ముఖ్యం. ధ్రువ నక్షత్రం అసలు ధ్రువానికి అర డిగ్రీకి కొంచెం పైగా పక్కన ఉంటుంది, ఆ తేడాను ట్రాకర్ గురి గొట్టంలో సర్దుకోవాలి. గురి కుదిరితే 50 మి.మీ. లెన్స్‌తో 2 నిమిషాలు సునాయాసం. అప్పుడు నేల చెదురుతుంది, దాన్ని ట్రాకర్ ఆపి విడిగా తీయాలి.

మంచు పట్టడం

అర్ధరాత్రి దాటాక ఫ్రేములన్నీ క్రమంగా మసకబారి, చుక్కల చుట్టూ వలయాలు మొదలైతే లెన్స్ మీద మంచు పట్టినట్టు. అద్దం ఆకాశంలోకి వేడిని వదిలేసి చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది, గాలిలోని తేమ దానిమీద చేరుతుంది. గుడ్డతో తుడిస్తే క్షణంలో మళ్లీ పడుతుంది, పైగా ఫోకస్ రింగు కదులుతుంది. మొదటినుంచే హుడ్ పెట్టి, పవర్ బ్యాంక్‌తో నడిచే హీటర్ పట్టీని లెన్స్ ముందు అంచుకు చుట్టండి. అది లేకపోతే చేతులు వెచ్చబెట్టుకునే రసాయన పొట్లాలు రెండు, పాత మేజోడుతో బిగించినా పనవుతుంది. పట్టీ వేడెక్కాక ఫోకస్ మళ్లీ చూడాలి. అందుకే దాన్ని మంచు పట్టాక కాకుండా, ఫోకస్ చేయడానికి పావుగంట ముందే ఆన్ చేయండి. చలికి బ్యాటరీలు త్వరగా దిగిపోతాయి, రెండోది జేబులో ఒంటికి ఆనేలా పెట్టుకోండి. తిరిగి ఇంట్లోకి వచ్చేముందు కెమెరాను గాలి చొరని సంచిలో పెట్టి మూసి, గది వేడికి వచ్చేదాకా గంటసేపు తెరవకండి. కార్డు కావాలంటే బయటే తీసుకోండి.